మాల తీసిన మర్నాడు

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా ఆయన ఎలక్ట్రీషియన్. పన్నెండేళ్లుగా తాగుతున్నారు. పోయినేడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన మర్నాడే మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు పొద్దున్నే క్వార్టర్ పడకపోతే చేతులు వణుకుతున్నాయి. డాక్టర్ మందులు రాసి, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగుకు కూడా వెళ్లమన్నారు. ‘తాగుబోతుల నడుమ నేనెందుకు కూసోవాలె? ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతది’ అంటున్నారు. మా అత్తమ్మేమో ఎక్కడినుంచో పొడి తెచ్చి కూరలో కలపమంటోంది. ఆ మీటింగులు ఎక్కడుంటాయి? ఆయన్ని ఎలా తీసుకెళ్లాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ పొడి కూరలో వేయకండి. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర లాంటిది ఉండి, ఆ సంగతి తెలియక ఆయన తాగితే వాంతులు, గుండెదడ వచ్చి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్లు ఆ మాత్రను మనిషికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. అత్తమ్మను కోప్పడకండి. కొడుకు దక్కాలనే ఆమె తాపత్రయం.

ఇంకొకటి. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయంటే ఒళ్లు తాగుడుకు బాగా అలవాటు పడిందన్నమాట. ఇలాంటప్పుడు ఇంట్లో తాళం వేసి ఒక్కసారిగా మాన్పిస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకు లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం కూడా జరగొచ్చు. అందుకని మానడం డాక్టర్ చూస్తుండగానే మొదలుకావాలి. మీటింగ్ చికిత్సకు బదులు కాదు, దానికి తోడు.

ఇక ఆ 41 రోజుల సంగతి. మీ ఉత్తరంలో నాకు ఆశ కనిపించింది అక్కడే. ఆ రోజులు ఎలా గడిచాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పదిమందితో భజన, కలిసి భిక్ష, మంచీచెడూ చెప్పడానికి గురుస్వామి. వీధిలో చిన్నపిల్లలు కూడా ‘స్వామీ’ అని పిలిచారు. మాల తీయగానే స్వాములంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, పాత జమాత్ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయనకు లేనిది మనోబలం కాదమ్మా, మర్నాటి తోడు. ఏఏ అంటే ఆ తోడే. దీనికి మాల తీసే రోజంటూ ఉండదు.

1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరి గోడు ఒకరు వినడంతో ఇది మొదలైంది. వాళ్లలో ఒకాయన డాక్టరే. చదివిన వైద్యం ఆయన తాగుడును ఆపలేదు, తనలాంటి ఇంకో మనిషి మాట ఆపింది.

మీటింగులో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. నేను వెళ్లి చూసిన చోట ఒక చిన్న గది, పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో చాయ్ ఉన్నాయి. ఒక్కొక్కరు తమ పేరు చెప్పి ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి తమ కథ తామే చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, నీతులు చెప్పరు. మాట్లాడాలని లేకపోతే ఊరికే వింటూ కూర్చోవచ్చు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంటిపేరు అడగరు, అక్కడ విన్నది బయట మాట్లాడరు. తెలిసినవాళ్లు ఎదురైనా వాళ్లూ అదే బాధతో వచ్చినవాళ్లే కదా. ‘వైన్స్ ముందు నిలబడ్డప్పుడు పోని ఇజ్జత్ ఇప్పుడు పోతదా’ అని మీ నోటిదాకా వస్తుంది. ఆ మాట మాత్రం అనకండి. సిగ్గు పడే మనిషి ఇంకా మారాలనుకుంటున్న మనిషే.

ఎక్కడుంటాయంటే, ముందు మందులు రాసిన డాక్టర్‌నే అడగండి. ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనూ అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉచితం. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లోనూ వెతకొచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి రోజు, టైమ్, మాట్లాడే భాష, అది ఓపెన్ మీటింగా కాదా కనుక్కోండి. ఓపెన్ అయితే మీరూ పక్కన కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. మన ఊళ్లో జంకుగా ఉంటే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ కూడా దూరమేం కాదు.

తాగి వచ్చిన రాత్రి ఈ మాట ఎత్తకండి. ఆయన కాస్త తేటగా ఉన్నప్పుడు, ‘ఒక్కసారి పోయి చూద్దాం, నచ్చకుంటే మళ్ల అడగ’ అనండి. సరేనంటే ఏఏ సభ్యుడొకరితో ముందుగా ఫోన్‌లో మాట్లాడించండి. భార్య నూరుసార్లు చెప్పినా ఎక్కని మాట, అదే నరకం చూసొచ్చినవాడు చెబితే ఒక్కోసారి ఎక్కుతుంది. నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒకాయన మూడు వారాలు గేటు దాకా వచ్చి, బండి ఆపకుండానే తిరిగి వెళ్లిపోయేవాడు. నాలుగో వారం లోపలి నుంచి ఒక పెద్దాయన రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని బయటికి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు. చాయ్ అయ్యాక ఆయనే బండికి స్టాండ్ వేశాడు.

ఆయన రానంటే మీరు ఆగిపోకండి. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచీ అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి. సీసాలు వెతకడం, ఆయన తరఫున ఓనర్లకు అబద్ధాలు చెప్పడం, రాత్రంతా తలుపు వైపు చూస్తూ కూర్చోవడం... మీరు ఇవేవీ ఎవరికీ చెప్పుకోలేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అక్కడ చెప్పుకోండి. ఆయన చేయి చేసుకుంటే మాత్రం ఓర్చుకోవద్దు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మొదటి మీటింగ్ అయిన వారానికే ఆయన మళ్లీ తాగొచ్చు. అలా జరిగితే తర్వాతి మీటింగుకు ఇంకా తప్పకుండా పంపండి. తప్పి తాగి తిరిగొచ్చినవాళ్లు ఆ గదిలో చాలామందే ఉంటారు, ఆయన కుర్చీ ఆయనకు ఉంటుంది.