మిల్లు గోదాంలో బల్ల వేసే ముందు

బిడ్డా స్వాతీ,

మిర్యాలగూడలో పాత మిల్లు గోదాం అద్దెకు తీసుకుని పిల్లలకు టేబుల్ టెన్నిస్ నేర్పిస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల కోచ్ అవుతుందంటే గర్వంగా ఉండదా? ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అద్దె గురించి కాదు, ఆ రేకుల కప్పు గురించి.

వెలుతురు, జారని నేల, బల్ల వెనక జాగా నువ్వే చూసుకుంటావు. రేకుల కింద మాత్రం ప్రతి చప్పుడూ గుయ్యిమని తిరిగొస్తుంది. పక్కన మిల్లు ఆడితే అసలు ఏమీ వినపడదు. బంతి చప్పుడు వినపడని చోట ఏం నేర్పిస్తావు? మీ ఊళ్లో గోనె సంచులకు కరువా! ఊక దుమ్ము బాగా దులిపి గోడల పొడుగునా కట్టు. పాటల స్పీకరు లోపలికి రానివ్వకు, పిల్లలు ఏడ్చినా సరే.

పిల్ల ఆడుతుంటే ఒకసారి వెనక్కి తిరిగి నిలబడి విను. ముందు బల్ల మీద, తర్వాత బ్యాటు మీద, రెండు చప్పుళ్లు. వాటి మధ్య ఎడం ప్రతిసారీ ఒకేలా ఉంటే టైమింగ్ కుదిరినట్టే. ఎడం పెరుగుతూ పోతే పిల్ల అడుగు వెయ్యడం మానేసి బంతి కోసం కాచుకుని ఉందన్నమాట. పుష్‌లో, అంటే బంతిని మెల్లగా అవతలికి తోసే దెబ్బలో, 'టక్'మని గట్టిగా వినిపిస్తే, బ్యాటుతో బంతి కింద రుద్దినట్టు రాయాల్సింది పోయి తట్టింది. బంతి పైకి లేస్తుంది. బంతి ముందుకు తిరిగేలా కొట్టే టాప్‌స్పిన్‌లో రబ్బరు రాపిడి, దాని లోపల కొంచెం చెక్క చప్పుడు, రెండూ ఉండాలి. ఉత్త చెక్కే మోగితే బ్యాటు చదునుగా వెళ్లింది. ఏమీ వినపడకుండా బంతి నెట్‌లో పడితే మరీ పైపైన రాసింది.

ఇక మీ నాన్న సంగతి. ఈ ఉత్తరం ఆయనా చదువుతాడు, చదవనీ.

నాగార్జునసాగర్ హిల్ కాలనీలో మేమిద్దరం ఆడే రోజుల్లో వాడు కొడితే బయట రోడ్డు మీదికి వినిపించేది. కిటికీ దగ్గర పిల్లలు "అబ్బో!" అనేవాళ్లు. ఆ "అబ్బో" వాణ్ని పాడు చేసింది. నల్లగొండలో టోర్నమెంటుకు వెళ్తే ఎదురుగా ఒక బక్కపల్చటి పెద్దమనిషి. బల్లకు దూరంగా నిలబడి ప్రతి బంతినీ కిందికి కోసి పంపిస్తాడు, ఆయన బ్యాటు చప్పుడే చెయ్యదు. బంతి నిండా బ్యాక్‌స్పిన్, అంటే వెనక్కి తిరుగుడు. మీ నాన్న చదునుగా బాదడం, అది నెట్‌లో దూకడం. అప్పట్లో గేమ్ అంటే 21 పాయింట్లు; అంతసేపూ అదే కథ. "కింద నుంచి పైకి రాయరా" అని నేను అరుస్తూనే ఉన్నా. వింటేనా! ఓడిపోయాక ఏం చేశాడనుకున్నావు? బల్ల బాగా లేదన్నాడు. అప్పు చేసి ఇంకా గట్టి చెక్క బ్యాటు కొన్నాడు. చప్పుడు ఇంకా పెరిగింది, ఆట పెరగలేదు, చివరికి భుజం పట్టేసింది. ఇప్పటికీ చలికాలం చొక్కా తొడుక్కోవడానికి అవస్థ పడతాడు. అందుకే చెబుతున్నా, నీ హాల్లో గట్టిగా మోగిన దెబ్బకు చప్పట్లు కొట్టనివ్వకు. పన్నెండేళ్ల పిల్లల భుజాలు బిడ్డా.

చెవి విలువ ఆటగాళ్లకు ఎప్పుడో తెలుసు. బ్యాటు రెండు వైపులా ఒకే రంగులో వేరువేరు రబ్బర్లు వేసుకునే రోజుల్లో, ఏది తగిలిందో చప్పుడును బట్టి పోల్చుకునేవాళ్లు. అది దొరక్కుండా సర్వీసు చేస్తూ కాలితో దబ్బున నేలను తన్నేవాళ్లు కొందరు గడుగ్గాయిలు! 1986లో ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు అని రూలు వచ్చాక ఆ గోల తగ్గింది.

అయితే ఒక పిల్ల చప్పుడును ఇంకో పిల్లతో పోల్చకు. మన హైదరాబాద్ క్రీడాకారిణి ఆకుల శ్రీజ బ్యాక్‌హ్యాండ్ వైపు పింపుల్స్‌తో, అంటే పైకి బొడిపెలున్న రబ్బరుతో ఆడుతుంది. మామూలు రబ్బరుకు ఆ చప్పుడు ఎక్కడిది? ఎవరి చప్పుడు వాళ్లదే, నిన్నటిదానితో చూడు. 2014 నుంచి ప్లాస్టిక్ బంతులు వచ్చి సెల్యులాయిడ్ పోయింది, దాంతో మోతా మారింది. కాబట్టి నా చెవినీ పూర్తిగా నమ్మకు. బంతి బొంగురుపోతే మాత్రం స్ట్రోకును తిట్టకు, ముందు పగులు ఉందేమో చూడు.

మీ నాన్న వచ్చి స్మాష్ చూపిస్తానంటాడు. వద్దనకు, శనివారం శనివారం చూపించనీ. ముందు భుజానికి వార్మప్ చేయించు.

మీ పెద్దనాన్న