నచ్చలేదని చెప్పగలిగే మనిషి

తల్లీ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. మాటలతో మనసుకి చికిత్స చేసే థెరపిస్టు కోసం వెతికితే నలభై పేర్లు కనిపించాయి, అందరూ నవ్వుతున్న ఫోటోలే, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియట్లేదు అత్తయ్యా అని రాశావు. ముందు నవ్వొచ్చింది, తర్వాత మనసు చివుక్కుమంది. మీ మామయ్య చనిపోయిన ఏడాది నేనూ నిద్రపట్టని రాత్రుల్లో అలాంటి ఫోటోలే చూస్తూ కూర్చున్నాను. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ముఖం నెమ్మదిగా ఉందని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అక్కడ కుదరక ఒకాయన దగ్గరికి, అక్కడా కుదరక ఇంకొకావిడ దగ్గరికి. ఆ మూడో ఆవిడ దగ్గర ఏడాదిన్నర నిలబడ్డాను. మొదటి ఇద్దరి దగ్గర నాకు ఎనిమిది నెలలు పోయాయి. నీకు పోకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఆ ఫోటోలు మూసెయ్. ఒక కాగితం తీసి నీకేం జరుగుతోందో రాయి. డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి పేర్లు వద్దు, పేరు పెట్టడం వాళ్ళ పని. ఏ పూట, ఎక్కడ, ఒంట్లో ఏమవుతోంది, ఎన్నాళ్ళ నుంచి, అంతే. నేను రాసుకున్న కాగితం ఇంకా నా దగ్గరుంది. "రాత్రి మూడింటికి మెలకువ. పక్క ఖాళీ వైపు చూడకుండా అటు తిరిగి పడుకుంటాను. పగలు ఫోన్ మోగితే గుండె జారుతుంది. నాలుగు నెలలు." ఇంతే ఉంది. కింద ఇంకో లైను: "ఏది మారితే బాగయినట్టు? ఆయన చొక్కాలు ఎవరికైనా ఇవ్వగలిగితే." ఆ చివరి లైను రాయడానికే నాకు రెండు రోజులు పట్టింది. నువ్వూ తొందరపడకు. ఎవరితో ఫోన్‌లో మాట్లాడినా ఈ కాగితమే చదువు, నీ కథంతా మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు.

ఇంకోటి, ఈ మధ్య రక్తపరీక్షలు చేయించుకోకపోతే మామూలు డాక్టరుకి ఒకసారి చూపించుకో. థైరాయిడ్ తక్కువైతే దిగులుగా, మందకొడిగా ఉంటుంది. ఎక్కువైతే దడ, కంగారు. మనసుదే అనుకున్నది ఒక్కోసారి గొంతులో ఉన్న ఆ చిన్న గ్రంథిది అవుతుంది.

ఈ కాగితం రాస్తున్నప్పుడు గానీ, ఇంకెప్పుడైనా గానీ, బతకాలని లేదనే ఆలోచన వస్తోందనుకో, అప్పుడు సరైన థెరపిస్టు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి గానీ, మీరుండే చోట ఉన్న హెల్ప్‌లైన్‌కి గానీ. నాకు ఫోన్ చెయ్, ఏ వేళైనా సరే. ఎంచుకోవడం తర్వాత సంగతి.

ఎవరు ఏం చేస్తారో తెలియక చాలామంది ఇక్కడే తికమక పడతారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ లాంటి వైద్యం చదివాక మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు పెట్టి సమస్య ఏమిటో అంచనా వేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. సాధారణంగా మందులు రాయరు. కౌన్సెలర్, సైకోథెరపిస్టు అన్న పేర్ల వెనక చదువులు రకరకాలుగా ఉంటాయి. చాలామందికి ఒకరు చాలు. కొందరికి ఒక పక్క మందులు, ఇంకో పక్క మాటలు, రెండూ కావాలి. నిద్ర, తిండి బాగా దెబ్బతిన్నా, ఎవరికీ వినబడనివి నీకు వినబడుతున్నా సైకియాట్రిస్టుతోనే మొదలుపెట్టు.

ఇక లైసెన్సు. బోర్డు మీద ఉన్న మాటని నమ్మకు. బ్రిటన్‌లో కౌన్సెలర్, సైకోథెరపిస్టు అన్న మాటలకి చట్టం అడ్డు లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టు అని మాత్రం రిజిస్టరులో లేనివాళ్ళు పెట్టుకోకూడదు. అమెరికాలో లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. మామూలుగా క్లయింటు కూర్చున్న రాష్ట్రంలో థెరపిస్టుకి అనుమతి ఉండాలి, వీడియోలో మాట్లాడినా సరే. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో ఉంటాయి. నువ్వు ఎక్కడున్నా చేయాల్సింది ఒకటే. రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, ఆ నంబరు ఇచ్చిన సంస్థ రిజిస్టరులో నువ్వే వెతికి చూసుకో. వాళ్ళు పంపిన సర్టిఫికెట్ ఫోటో చూసి ఊరుకోవద్దు. పేరు కలిసిందా, గడువు ఉందా, వాళ్ళ మీద చర్యలేమైనా తీసుకున్నారా. పది నిమిషాల పని. నంబరు అడిగితే నొచ్చుకునేవాళ్ళని అక్కడికక్కడే వదిలెయ్.

కాకపోతే నేను వెళ్ళిన ముగ్గురికీ లైసెన్సు ఉంది. అది గేటు దాకా తీసుకెళ్తుంది, లోపల ఎలా ఉంటుందో చెప్పదు.

మొదటావిడ నేను రెండు మాటలు చెప్పగానే తన కథ మొదలుపెట్టేది. వాళ్ళమ్మ పోయినప్పుడు తను ఎలా తట్టుకుందో. మధ్యలో ఫోన్ వెలిగితే కళ్ళు అటు వెళ్ళేవి. నేను తల ఊపుతూ కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఆవిణ్ణి నేనే ఓదార్చి, ఫీజు ఇచ్చి వచ్చేదాన్ని! ఐదు నెలలు అలా వెళ్ళి, ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేశాను.

రెండో ఆయనకి గోడ నిండా డిగ్రీలు. మంచివాడే, ఆయన్ని అనడానికి లేదు. భయాలకి, పానిక్ ఎటాక్‌లకి పేరున్న మనిషి. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) చేసేవాడు. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు మొదలుపెట్టిన పద్ధతి అది. మన ఆలోచనని కాగితం మీద పెట్టి, దానికి రుజువేదీ, ఎదురు రుజువేదీ అని తరచి చూస్తారు. నాకూ గళ్ళు గీసిన కాగితం ఇచ్చాడు. ఒక గడిలో "ఆలోచన", పక్క గడిలో "రుజువు". నేను మొదటి గడిలో "ఆయన లేరు" అని రాశాను. రెండో గడిలో "లేరు" అని రాశాను. ఆ కాగితం ఆయనకి చూపించలేదు, బ్యాగులో మడిచి పెట్టుకుని తిరిగాను. పద్ధతి చెడ్డదేం కాదు. మీ నాన్నకి లిఫ్టు ఎక్కాలంటే భయం ఉండేదే, ఇలాంటి పద్ధతితోనే పోయింది. నా దిగులుకి మాత్రం ఆ గళ్ళు చాలలేదు, చాలలేదని నేను ఆయనకి చెప్పనూ లేదు.

అందుకే నీ కాగితంలో ఉన్న సమస్యకి ఏ పద్ధతి వాడతారో తప్పకుండా అడుగు. చేతులు కడిగిందే కడగడం, తాళం వేసిందే మళ్ళీ మళ్ళీ చూడటం లాంటి ఓసీడీకి ఈఆర్‌పీ అని ఒకటుంది. భయపడే పనికి ఎదురు నిలబెట్టి, ఆ తర్వాత చేసే తంతు చేయనివ్వకుండా ఆపుతారు. అది తెలియనివాళ్ళు "ఏం కాదులే" అని ధైర్యం చెప్తూ పోతే ఆ ధైర్యమే ఇంకో తంతు అయి కూర్చుంటుంది. పాత దెబ్బల జ్ఞాపకాలు వెంటాడుతుంటే ట్రామాలో శిక్షణ ఉన్నవాళ్ళే కావాలి, ఈఎండీఆర్‌కి (కళ్ళు అటూఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే పద్ధతి) గానీ ట్రామా కోసం ఉన్న సీబీటీకి గానీ వాళ్ళు ప్రత్యేకంగా శిక్షణ పొంది ఉండాలి. భార్యాభర్తల గొడవైతే జంటలతో పనిచేసిన అనుభవం అడగాలి. ప్రొఫైల్లో పాతిక సమస్యలకి టిక్కు పెట్టినవాళ్ళని "ఈ మధ్య మీ దగ్గరికి ఎక్కువగా ఏ సమస్యతో వస్తున్నారు?" అని అడిగి చూడు. నిజంగా ఎక్కువగా చూసేవి కొన్నే అయ్యుంటాయి.

చాలామంది మొదట పది పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతారు, కొందరు దానికి డబ్బు తీసుకోరు కూడా. ముగ్గుర్ని ఎంచుకుని ముగ్గురితోనూ మాట్లాడు. కాగితం చదివి, "నాలాంటివాళ్ళతో ఎలా మొదలుపెడతారు? బాగవుతోందని మనకెలా తెలుస్తుంది?" అని అడుగు. జవాబు నీకు అర్థమయ్యే మాటల్లో రావాలి. "నాకు దానిలో అనుభవం లేదు, ఫలానావారిని అడగండి" అన్నవాళ్ళ మీద నాకు గౌరవం పెరుగుతుంది. ఫీజు, సెషను ఎంతసేపు (మామూలుగా యాభై నిమిషాలు, వారానికొకటి), క్యాన్సిల్ చేస్తే ఏమవుతుంది, సెషన్ల మధ్యలో ఫోన్ చేయొచ్చా, ఇవన్నీ ముందే అడిగెయ్, మొహమాటపడకు. నువ్వు చెప్పినవి వాళ్ళు ఇంకెవరికైనా ఎప్పుడు చెప్పాల్సి వస్తుందో కూడా అడుగు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద హింస బయటపడినప్పుడు, కోర్టు ఆదేశిస్తే, ఇలాంటి మినహాయింపులు చాలా చోట్ల ఉంటాయి. అవి తెలిశాక మిగతాదంతా ధైర్యంగా చెప్పుకోవచ్చు.

డబ్బు ఇబ్బందైతే దాచకు. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించేవాళ్ళు ఉంటారు, అడిగితేనే చెప్తారు. యూనివర్సిటీ క్లినిక్కుల్లో శిక్షణలో ఉన్నవాళ్ళు సీనియర్ పర్యవేక్షణలో చూస్తారు, అదీ తీసిపారేసేది కాదు.

ఇక మూడో ఆవిడ సంగతి. ఆరో సెషన్లో ఆవిడ "మీరు కోపాన్ని దాచుకుంటున్నారేమో" అంది. నాకు ఒళ్ళు మండింది. పోయిన మనిషి మీద కోపమేమిటి? మళ్ళీ మానేద్దామనే అనుకున్నాను. కానీ అప్పటికే ఇద్దర్ని మానేసి ఉన్నాను కదా, ఈసారి ముఖం మీదే చెప్పి మానేద్దామని వెళ్ళాను. కూర్చుంటూనే, "పోయినవారం మీరన్న మాట నాకు గుచ్చుకుంది" అన్నాను. గొంతు వణికింది. ఆవిడ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. "ఏ మాట?" అంది. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తొందరపడ్డాను. మీరింకా అక్కడికి రాకముందే నేను వెళ్ళిపోయాను" అంది. తను అలా ఎందుకు అనుకుందో వివరించబోలేదు, నాకు సర్దిచెప్పబోలేదు. ఆ రోజు యాభై నిమిషాలూ ఆ ఒక్క మాట మీదే గడిచాయి. ఇంటికొచ్చి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు. (ఆవిడన్నది నిజమేనని మూడు నెలలకి తెలిసిందనుకో, అది వేరే కథ.)

అప్పటికి నాకు తెలియదు గానీ ఇది చదువుకున్నవాళ్ళు చెప్పిన మాటేనట. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1979లో రాశాడు: థెరపిస్టుకీ వచ్చినవాళ్ళకీ మధ్య ఉండాల్సినవి మూడు. ఎక్కడికి వెళ్ళాలో ఇద్దరూ ఒప్పుకోవడం, అందుకు ఏం చేయాలో ఒప్పుకోవడం, మధ్యలో నమ్మకం. ఈ మూడూ బాగున్నచోట ఫలితమూ బాగుంటుందని తర్వాత పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపించాయి. ఈ బంధం మధ్యలో ఎక్కడో బెసకడం మామూలే, దాన్ని ఇద్దరూ కూర్చుని సరిచేసుకోవడమూ చికిత్సలో భాగమే. నా మొదటి ఇద్దరి దగ్గరా అది బెసికింది. నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

కాబట్టి మూడు నాలుగు సెషన్లు చూడు. మొదటిరోజు బయటికొచ్చాక ఏడుపొస్తే భయపడకు, పాత పుండు కదిలితే నొప్పి ఉంటుంది. నొప్పి వేరు, చిన్నబుచ్చుకోవడం వేరు. అక్కడ నిన్ను నువ్వు తగ్గించుకుని కూర్చుంటున్నావా, ఆయనకో ఆవిడకో నచ్చేలా మాటలు ఏరుకుంటున్నావా, అది చూసుకో. ఆ తర్వాత ఒకరోజు కావాలనే చిన్న అసంతృప్తి ఒకటి బయటపెట్టు. "హోంవర్కు నాకు ఉపయోగపడలేదు" అను, చాలు. పెన్ను కింద పెడతారా, తప్పు నీదేనని తేలుస్తారా చూడు. నీకు కుదిరే మనిషో కాదో ఆ ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

చెప్పి చూడటం, సరిచేసుకోవడానికి సమయమివ్వడం అక్కర్లేనివి కొన్నున్నాయి. ఒంటి మీద చెయ్యి వేసి వెకిలిగా మాట్లాడటం, ప్రేమ కబుర్లు, నీతో వ్యాపారం, వేరే క్లయింట్ల రహస్యాలు నీకు చెప్పడం, డాక్టరుని అడక్కుండా మందులు ఆపెయ్యమనడం, పది సెషన్లలో గ్యారంటీ అనడం. వీటిలో ఏది కనబడ్డా లేచి వచ్చెయ్, లైసెన్సు ఇచ్చిన సంస్థకి ఫిర్యాదు రాయి.

ఉత్తినే కుదరకపోతే మాత్రం నాలా మాయమైపోకు. చివరి సెషన్లో చెప్పు, "నాకు ఇంకో రకం మనిషి కావాలనిపిస్తోంది, ఎవరైనా తెలుసా?" అని. మంచివాళ్ళు పేరు చెప్తారు. నా మూడో ఆవిడ పేరు రెండో ఆయనే చెప్పాడు. మానేసిన రెండు నెలలకి, ఆ గళ్ళ కాగితాన్ని ఫోటో తీసి ఆయనకి పంపాను. అరగంటలో జవాబొచ్చింది, ఆవిడ నంబరుతో.

నీ కాగితం రాయడం అయ్యాక, ముగ్గురికీ పంపే మెయిలు రాయడానికి చెయ్యి ఆడకపోతే నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను, ఫోన్ పెట్టుకుని ఇద్దరం కలిసి రాద్దాం. మీ నాన్నకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నా నోటి వెంట రాదు.

నీ అత్తయ్య