కెనడాలో ఆదివాసీ పిల్లలకు విడిగా నిధులెందుకు? వాళ్ళకి అన్నీ ఫ్రీ, మన ఆటిజం పిల్లలేమో వెయిటింగ్ లిస్టులోనే ఉన్నారుగా?

మా బాబుకీ ఆటిజమే. థెరపీ కోసం మేమూ నెలల తరబడి ఎదురుచూశాం, కాబట్టి మీ బాధ నాకు తెలుసు. కానీ మీ ప్రశ్నలో "వాళ్ళకి అన్నీ ఫ్రీ" అన్న మాట ఒప్పుకోను. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తిరగని వారం లేదు. అనేవాళ్ళు ఒక్కరూ ఆదివాసీలకు కేటాయించిన రిజర్వు ప్రాంతం గడప తొక్కి ఉండరు.

ఇక్కడ మన పిల్లలకి వైద్యం, చదువు ఏం కావాలన్నా ప్రావిన్సును, అంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని అడుగుతాం. రిజర్వులో బిడ్డకైతే ప్రావిన్సు కేంద్రాన్ని చూపిస్తుంది, కేంద్రం ప్రావిన్సును చూపిస్తుంది. మానిటోబాలో నార్వే హౌస్ క్రీ నేషన్ అనే ఆదివాసీ సముదాయం బిడ్డ జోర్డన్ రివర్ ఆండర్సన్‌ని రెండేళ్ళప్పుడే ఇంటికి పంపొచ్చని డాక్టర్లు చెప్పారు. ఇంటి దగ్గర చూసుకునే ఖర్చు ఎవరిదో తేలలేదు. 2005లో ఐదేళ్ళ వయసులో ఆ బిడ్డ ఆస్పత్రిలోనే పోయాడు. ముందు బిడ్డకి కావలసింది ఇచ్చి లెక్కలు తర్వాత తేల్చుకోండి అనే 'జోర్డన్ సూత్రం' అలా పుట్టింది. 2007లో పార్లమెంటు దిగువ సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అయినా సరిగ్గా అమలు చేయమని 2016లో మానవ హక్కుల ట్రిబ్యునల్ తీర్పివ్వాల్సి వచ్చింది.

నేను విన్నిపెగ్‌లో ఒక బడిలో ఎడ్యుకేషనల్ అసిస్టెంట్‌ని. చలికాలంలో మంచు మీద వేసే దారి తప్ప రోడ్డే లేని ఊరి నుంచి ఒక బాబు అమ్మమ్మతో వచ్చి మా బడిలో చేరాడు. విమానం దిగిన మర్నాడే అసెస్‌మెంట్ చేశారట. కొత్త గది, కొత్త మనుషులు, ఇంగ్లీషు బొమ్మల కార్డులు. వాడు బల్ల కింద దూరి బయటికి రాలేదు. 'మాటలు రావు' అని రిపోర్టు రాసేశారు.

బడిలో వాడికి సహాయంగా వచ్చినావిడ వాళ్ళ ప్రాంతం మనిషే. ఆవిడ జీతం జోర్డన్ సూత్రం నిధుల నుంచే. ఒకరోజు బయటికి వెళ్ళేముందు వాడి జాకెట్ జిప్పు పెడుతూ వాళ్ళ భాష ఓజీ-క్రీలో ఏదో అంది. వాడు తలెత్తకుండానే జవాబిచ్చాడు. ఒక్క ముక్క కాదు, పూర్తి వాక్యం! ఏమన్నాడని అడిగితే ఆవిడ నవ్వి, "జిప్పు తనే పెట్టుకుంటాడట" అంది.

మా బాబు విషయంలోనూ ఒక థెరపిస్టు ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంది. అప్పుడు వాడు గుంటూరులో నాయనమ్మతో ఫోన్లో ఏం మాట్లాడతాడు? మేం వినలేదు. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకు నష్టం లేదని పరిశోధనలూ చెబుతున్నాయి, ఈ సలహా మాత్రం ఆగట్లేదు.

నన్నడిగితే ఈ డబ్బు నేరుగా ఆ నేషన్ల చేతికే వెళ్ళాలి, ఏటా ఖాయంగా వెళ్ళాలి. ఎవరిని పెట్టుకోవాలో వాళ్ళకి తెలుసు. ఇప్పుడేమో ఒక్కో బిడ్డకీ దరఖాస్తు, దానికి నిపుణుల ఉత్తరం. నిపుణులే లేని ఊళ్ళో ఉత్తరం ఎవరిస్తారు? అత్యవసరం కానివాటికి కూడా 48 గంటల్లో తేల్చమని ట్రిబ్యునల్ చెప్పినా వేలకు వేల దరఖాస్తులు పేరుకుపోయాయి.

పైగా 2025 ఫిబ్రవరిలో కేంద్రం వాళ్ళు, రిజర్వు బయటి బడుల్లో ఇలాంటి సాయం కావాలంటే ప్రావిన్సునే అడగమన్నారు. జోర్డన్‌ని ఇంటికి చేరనివ్వని తగువే మళ్ళీ మొదలైంది. మా బడిలో ఆవిడ ఉద్యోగం పొడిగించలేదు. ఇంగ్లీషు తప్ప రాని ఒకరిని ముగ్గురు పిల్లలకి కలిపి వేశారు.

మన వెయిటింగ్ లిస్టు ప్రావిన్సు పని, దాని గురించి ఎమ్మెల్యేకి రాయండి. ఈ కోత గురించి ఎంపీకి రాయండి. నేను ఇద్దరికీ రాశాను.