కార్తీకం వెళ్ళాక కార్తీక దీపమా?

ప్రశ్న: మా కోడలిది వేలూరు. 2025 నవంబరు 5న కార్తీక పౌర్ణమికి ఇద్దరం కలిసి మూలపేట శివాలయంలో 365 వత్తులు వెలిగించాం. నెల తిరగకుండానే, డిసెంబరు 3న, ఆ అమ్మాయి ఇంటి చుట్టూ ప్రమిదలు పెట్టి ఈ రోజు మాకు కార్తీక దీపం అంది. పోలిస్వర్గం నాడు దీపాలు నీళ్ళలో వదిలేశాక మార్గశిరంలో ఈ దీపాలేమిటని మా వదిన తప్పుపట్టింది. కోడలు చిన్నబుచ్చుకుంది. ఎవరి లెక్క సరైనది?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రెండూ సరైనవేనమ్మా. ముందు ఆ అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఆ మాట చెప్పండి. లెక్క ఆ తర్వాత.

మనది చాంద్రమానం. అమావాస్య మర్నాడు నెల మొదలై మళ్ళీ అమావాస్యతో ముగుస్తుంది. తమిళులది సౌరమానం. సూర్యుడు రాశి మారితే వారికి నెల మారుతుంది. ఆయన వృశ్చికంలోకి వచ్చి వారి కార్తీక నెల మొదలయ్యేది నవంబరు మధ్యలో. కాబట్టి మీరు వత్తులు వెలిగించిన నవంబరు 5 వారికి ఇంకా ఐప్పసి నెలే. ఆ పౌర్ణమికి అక్కడి శివాలయాల్లో అన్నాభిషేకం చేస్తారు. లింగాన్ని వండిన అన్నంతో కప్పి, పూజయ్యాక ఆ అన్నాన్ని భక్తులకు పంచుతారు. మీరు నెల్లూరులో దీపం పెట్టిన రోజే మీ వియ్యాలవారి ఊళ్ళోనూ శివుడికి పండుగ జరిగిందన్నమాట.

ఇక వారి కార్తీక నెలలో పౌర్ణమి దగ్గరగా కృత్తికా నక్షత్రం ఏ రోజు వస్తే ఆ రోజు దీపం. మనం తిథిని పట్టుకున్నాం, వారు నక్షత్రాన్ని పట్టుకున్నారు. తిరువణ్ణామలైలో 2,668 అడుగుల కొండ మీద మహాదీపం వెలిగేది ఆ సాయంత్రమే. మన జిల్లాల నుంచి గిరిప్రదక్షిణకు బస్సులు కట్టించుకుని వెళ్ళే అరుణాచలం అదే. ఆ కొండ మీది జ్యోతికి చేతులెత్తి మొక్కే మనం, అదే సాయంత్రం మన గడప మీద వెలిగిన ప్రమిదను తప్పుపట్టవచ్చా? మీ వదినగారిని నెమ్మదిగా అడగండి.

ఈ ఎడం ఏటా ఇంత ఉండదు. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది. దాంతో తర్వాతి నెలలన్నీ ఆలస్యమై, నవంబరు 26 సాయంత్రం మన పౌర్ణమి తిథి ఉండగానే అరుణాచలం మీద దీపం వెలిగింది. తర్వాత అధికమాసం లేని రెండేళ్ళలో మన పౌర్ణమి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి 2024లో నవంబరు 15న, 2025లో 5న వచ్చింది. అక్కడ డిసెంబరు 13న, 3న జరిగాయి. 2026లో జ్యేష్ఠం అధికమాసం. అందుకే ఆ ఏడు రెండు పండుగలూ నవంబరు 24నే. ఇద్దరూ ఒకే సాయంత్రం వెలిగించుకోవచ్చు.

అయినా మనం మాత్రం సూర్యుడి లెక్క వదిలేశామా? సంక్రాంతి, ధనుర్మాసం సౌరమానం ప్రకారమే చేస్తాం. రంగనాయకులపేట గుడిలో ధనుర్మాసం తెల్లవారుజామున చదివే తిరుప్పావై, ఆండాళ్ తమిళంలో పాడినదే. సూళ్ళూరుపేటలో మా అమ్మమ్మ ఇంట్లో గంటల పంచాంగం, తమిళ క్యాలెండరు ఒకే మేకుకు వేలాడేవి. రెండూ చూసే ఆమె పండుగలు చేసేది. ఇప్పుడు మీ ఇంటికీ ఆ అదృష్టం పట్టింది. ఈసారి ప్రమిదలు మీరే కడిగి ఇవ్వండి. ఆ రోజు వారు పేలాలతో, బెల్లం పాకంతో ఉండలు కట్టి నైవేద్యం పెడతారు. అడిగి నేర్చుకోండి. మన గుళ్ళలో గడ్డితో కట్టి వెలిగించే జ్వాలాతోరణాన్ని ఆమెకు చూపించండి. అక్కడ గుడి ముందు తాటిమాను నిలిపి కాలుస్తారు, దాన్ని చొక్కప్పనై అంటారు. ఆ సంగతి ఆమె చెబుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతాం. పక్కింటి తమిళులు దసరాకు పెడతారు. మా పాప దసరాకే కావాలంటోంది. మార్చవచ్చా?
– ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: మార్చకండి, కావాలంటే చేర్చండి. తమిళనాట నవరాత్రి కొలువుకు మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అంటూ బేసి మెట్లు కడతారు, రోజుకో రకం గుగ్గిళ్ళు పంచుతారు. పై మెట్టున ఉండే మరపాచి దంపతుల బొమ్మలను ఎర్రచందనంతో చెక్కడం ఆనవాయితీ. ఆ చెట్టు మన వెలిగొండల్లోనూ పెరిగేదే. మీ సంక్రాంతి కొలువుకు భోగిపళ్ళు, పేరంటం, వాకిట్లో గొబ్బెమ్మలు తోడుంటాయి. వాటిని విడదీస్తే కొలువు బోసిపోతుంది. పాపను ఈ దసరాకు పక్కింటికి పంపి మెట్లు సర్దడంలో సాయం చేయనివ్వండి. సంక్రాంతికి ఆ పిల్లలను మీరు పిలవండి.

ప్రశ్న: కేరళ గుళ్ళో అర్చకుడు చందనాన్ని చేతికి తగలకుండా పైనుంచి విసిరినట్టు వేశాడు. గోత్రం కూడా అడగలేదు. మనసు నొచ్చుకుంది.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అది అవమానం కాదండీ. అక్కడ పూజలో ఉన్న అర్చకుడు ఎవరినీ తాకకుండా మడి పాటిస్తాడు. ఊళ్ళోవారికైనా అలాగే ఇస్తాడు. పూజకు చీటీ రాసే చోట పేరు, జన్మనక్షత్రం అడుగుతారు. గోత్రం చెప్పే అలవాటు మనది. ఈసారి గురువాయూరు వెళితే ఇంట్లో అందరి నక్షత్రాలూ ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి. మగవారు చొక్కా తీసి పంచెతోనే లోపలికి వెళ్ళాలి, కాబట్టి పంచె సంచిలో పైనే పెట్టుకోండి.