ఫ్లాట్‌లో హాలు మధ్యన, నేలలో ప్లగ్ పాయింట్ పెట్టించవచ్చా?

రెండో అంతస్తు ఫ్లాట్‌లో, టైల్స్ వేసేసిన హాలు మధ్యన, బల్ల కింద ప్లగ్ పాయింట్ కావాలన్నారు. అందుకు స్లాబు కొట్టవచ్చా అని అడిగారు. పాయింట్ పెట్టించుకోవచ్చు, స్లాబును మాత్రం ముట్టుకోనివ్వకండి. పనంతా టైలుకూ స్లాబుకూ మధ్య ఉన్న సిమెంటు మాలులోనే అయిపోవాలి. అందులో పట్టకపోతే ఆ ఆలోచన మానుకోండి.

మాది గుంటూరులో సొంత ఇల్లు, కింది అంతస్తే. నా భార్య హాలు మధ్యలో పెద్ద బల్ల వేసుకుని బట్టలు కుడుతుంది. మిషను మోటారుకూ ఇస్త్రీ పెట్టెకూ గోడ దగ్గర నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు నేల మీద పరిచి ఉండేది. ఒకరోజు అది మా అమ్మ కాలికి తగిలింది. పడబోయి బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

మా ఇంట్లో కింద మొరం, దాని మీద కంకర బెడ్డు, ఆపైన మాలు, టైలు. కాస్త లోతుగా తవ్వినా ఇంటికి ముప్పు లేదు. మీ సంగతి అలా కాదు. మీ కాళ్ల కింది స్లాబు మామూలుగా ఐదారు అంగుళాల మందమే ఉంటుంది. అందులోని ఇనుప చువ్వలు పైనుంచి అంగుళం లోపే తగలవచ్చు. పైగా కింది ఇంటివాళ్ల ఫ్యాన్లకూ లైట్లకూ వెళ్లే పైపులు సాధారణంగా ఆ స్లాబులోనే ఉంటాయి. ఇక్కడ మీరు లోతుగా గాడి కొట్టిస్తే అక్కడ వాళ్ల వైరు తెగుతుంది. కొన్ని కొత్త అపార్ట్‌మెంట్లలో పోస్ట్ టెన్షన్ స్లాబులు వేస్తున్నారు. వాటిలో ఉక్కు తీగలను గట్టిగా లాగి బిగించి ఉంచుతారు. అలాంటి తీగ తెగితే స్లాబు బలం దెబ్బతింటుంది, కోస్తున్న మనిషి ప్రాణానికీ ప్రమాదమే. మీది ఏ రకమో బిల్డరును అడిగి తెలుసుకోండి, అసోసియేషన్‌కు చెప్పి అనుమతి తీసుకోండి. ఈ రెండూ అయ్యేదాకా కటింగ్ మిషన్‌ను ఇంట్లోకి రానివ్వవద్దు.

తర్వాత ఒక్క టైలు తీయించి స్లాబు దాకా లోతు కొలవండి. టైలు, మాలు కలిపి రెండంగుళాలు వస్తే 25 మిల్లీమీటర్ల పైపు హాయిగా పడుతుంది. చిక్కంతా సాకెట్ కూర్చునే బాక్సుతోనే. మూత పైకి లేచే రకం బాక్సులు చాలావాటికి అంతకంటే ఎక్కువ లోతు కావాలి. కాబట్టి ముందు కొలత తీసుకుని, దానికి సరిపోయే బాక్సునే కొనండి.

గోడ నుంచి బల్ల దాకా ఒక వరుస టైల్స్ పూర్తిగా తీసేసి కొత్తవి వేయించడం నయం. టైల్స్ మధ్యకు కోసి సిమెంటుతో పూడిస్తే ఆ గీత ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. మిగిలిపోయిన టైల్స్ మీ దగ్గర ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పైపు మలుపు తిరిగే చోట పొడవాటి బెండు వేయమనండి, ఒక్కసారిగా మూల తిరిగే ఎల్బో వేస్తే వైరు లాగడం కష్టం. నేల కింద వైరుకు ఎక్కడా జాయింటు ఉండకూడదు. 6 ఆంప్స్ సాకెట్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంప్స్‌ది పెట్టిస్తే 4, ఎర్త్ వైరు తప్పనిసరి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన పొరపాటు చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పాయింటుకు అసలు శత్రువు నీళ్లు. మొదటిసారి బాక్సు మూతను టైలుతో సమానంగా, చూడముచ్చటగా అమర్చారు. మూడు వారాల తర్వాత పొద్దున తొమ్మిది దాటగానే ఇంట్లో కరెంటు పోవడం మొదలైంది. చూస్తే మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్, పడిపోయి ఉండేది. మధ్యాహ్నానికి మళ్లీ నిలబడేది. ఫ్రిజ్‌ను అనుమానించాం, గీజరును అనుమానించాం. ఆదివారాలు మాత్రం పడేది కాదు. ఆదివారం పనిమనిషి రాదు, ఇల్లు తడిబట్ట పెట్టేవారు ఉండరు. అది తట్టాక మూత తీసి చూస్తే అడుగున నీళ్లు, ఇత్తడి స్క్రూలకు ఆకుపచ్చ చిలుము. పైపు అతుకులకు సొల్యూషన్ (అతికించే జిగురు) కూడా పూయలేదు, నీళ్లు పైపులోకీ వెళ్లాయి.

మొత్తం తీయించి మళ్లీ చేయించాను. ఈసారి ప్రతి అతుకుకూ సొల్యూషన్ పూయించాను. రబ్బరు వాషరుతో గట్టిగా బిగుసుకునే మూత ఉన్న బాక్సు తెచ్చాను. దాని అంచు టైలు కంటే రెండు మిల్లీమీటర్లు పైకి ఉంచి చుట్టూ సిలికాన్ పెట్టించాను. కాలికి తెలియదు, నీరు మాత్రం అక్కడే ఆగుతుంది. అయినా తడిబట్ట పెట్టే ముందు ప్లగ్ తీసి మూత వేయడం ఇంట్లో అందరికీ అలవాటు చేశాం.

ఆ రోజుల్లో మమ్మల్ని కాపాడింది 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీయే. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నడిచే ఇళ్లు మనవి. మీ బోర్డులో అది లేకపోతే నేల పాయింటు కంటే ముందు దాన్ని పెట్టించండి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

లోతు చాలదని తేలితే, నేలకు అతుక్కునేలా ఉండే అల్యూమినియం పట్టీలు దొరుకుతాయి. అర్ధచంద్రాకారంలో ఉంటాయి, వైరు లోపల నడుస్తుంది, నేలకు దెబ్బ ఉండదు. ఎత్తు కాస్త తెలుస్తుంది కాబట్టి నడిచే దారికి అడ్డం రాకుండా వేయించుకోవాలి. ఒక టైలు తీయించి చూశాక లోతు ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, ఏ బాక్సు పడుతుందో చూద్దాం.