ఇంట్లోనే డిజైనింగ్ పని, రాత్రి ఒంటిగంటైనా తెమలడం లేదు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. బీకాం చదివాను. పెళ్ళయ్యాక డీటీపీ, కోరెల్‌డ్రా, ఫోటోషాప్ నేర్చుకుని నాలుగేళ్ళుగా ఇంట్లోనే శుభలేఖలు, షాపుల లోగోలు, విజిటింగ్ కార్డులు డిజైన్ చేస్తున్నాను. ప్రింటింగ్ విజయవాడలో చేయించి ఇస్తాను. ప్రకటనలేమీ ఇవ్వను, పెళ్ళివాళ్ళే ఒకరికొకరు నా నంబరు ఇచ్చుకుంటారు. శుభలేఖ డిజైన్‌కి 1,500 తీసుకుంటాను. నెలకు 30 వేల దాకా వస్తాయి. మార్పులు ఎనిమిది, పదిసార్లు చెబుతారు, అదీ ఎక్కువగా రాత్రిపూటే. బాబు మూడో తరగతి, పాప యూకేజీ. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. 'ఇంట్లో ఉండి కూడా పిల్లల్ని పట్టించుకోవడం లేదు, ఇదంతా ఆపేసి ఉద్యోగం చూసుకో' అంటున్నారు మావారు. విజయవాడలో ఒక యాడ్ ఏజెన్సీ 18 వేల జీతానికి రమ్మంటోంది. వెళ్ళమంటారా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: ఇప్పుడే మూసేయకండమ్మా. నాలుగేళ్ళు నిలబడిన పని మీది. మీరు డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వకుండానే ఒక పెళ్ళివారు ఇంకో పెళ్ళివారికి మీ నంబరు ఇస్తున్నారంటే మీ చేతిలో నైపుణ్యం ఉన్నట్టే. అయితే ఇదే పద్ధతిలో ఇంకో ఏడాది నడిపితే మాత్రం ఆరోగ్యం, ఇల్లు రెండూ దెబ్బతింటాయి. ఇంట్లో గొడవకు మూలం మీరు ఆర్డర్ తీసుకునే తీరులోనే ఉందని నాకు అనిపిస్తోంది. ముందు అక్కడ సరిచేయాలి.

శుభలేఖ సంగతే చూడండి. పెళ్ళికూతురి అన్నయ్య ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తాడు. మ్యాటర్ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా వస్తుంది. మీరు డిజైన్ చేసి పంపాక నాన్నగారు చూసి, తాతగారి పేరు ముందు 'కీ.శే.' పెట్టలేదంటారు. అది మార్చాక పిన్నిగారు 'ఆహ్వానించువారు'లో బాబాయి పేరు కిందికి పోయిందంటారు. 'జ్యేష్ఠ పుత్రిక'నా, 'ఏకైక పుత్రిక'నా అన్నది రాత్రి పదకొండింటికి తేలుతుంది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే 'గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం' అన్నదాని మీద రెండు కుటుంబాల మధ్యా చర్చ. ఇందులో ఒక్కటి కూడా డిజైన్ పని కాదు. ఒక ఇంటివాళ్ళు తమలో తాము తేల్చుకోవాల్సిన విషయాలన్నీ మీ కంప్యూటర్ ముందు తేల్చుకుంటున్నారు. ఆ సమయమంతా మీ పిల్లలు నిద్రపోయే వేళ నుంచి, మీ నిద్ర నుంచి పోతోంది.

లెక్క కట్టండి. ఒక కార్డు నాలుగు గంటల్లో అయిపోతే మీకు గంటకు 375 రూపాయలు పడినట్టు. మార్పులతో అదే తొమ్మిది గంటలైతే 166కి వస్తుంది. రేటు తగ్గించమని ఎవరూ అడగలేదు, కానీ సగానికన్నా తక్కువైపోయింది.

కాబట్టి రేపటి నుంచి ఆర్డర్ ఇలా తీసుకోండి. ఒక కాగితం మీద ఫారం తయారు చేసుకోండి. వధూవరుల పేర్లు, ఎన్నో సంతానం, ఇరువైపులా తల్లిదండ్రులు, తాతయ్య నాయనమ్మలు, అమ్మమ్మలు, వారిలో ఎవరు లేరు, ముహూర్తం, లగ్నం, వేదిక, విందు సమయం, ఆహ్వానించువారు, ఏ వరుసలో ఎవరు, అన్నీ అందులో ఉండాలి. అది నింపి సంతకం పెట్టి ఇచ్చాకే పని మొదలవుతుందని చెప్పండి. ఫారం చివర ఒక గడి: 'ఫైనల్ చెప్పేవారు.' ఒకే ఒక్క పేరు, ఒకే ఒక్క నంబరు. మిగతా బంధువులు ఎవరు ఫోన్ చేసినా, 'ఆయనతో చెప్పించండి బాబాయిగారూ' అని మర్యాదగా అనేయండి. రెండుసార్లు మార్పులు రేటులోనే ఉంటాయి, మూడోదాని నుంచి ఒక్కోదానికి ఇంత అని ముందే రాసి ఉంచండి. సగం అడ్వాన్స్ రాకుండా ఫైల్ తెరవొద్దు. ప్రెస్‌కి పంపే ముందు ఆ ఒక్క వ్యక్తి నుంచి 'చూసుకున్నాం, ప్రింట్ చేయండి' అని మెసేజ్ తీసుకోండి. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో అచ్చుకు వాడే ప్లేట్లు తయారయ్యాక తప్పు బయటపడితే ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ అక్కడే ఆగిపోతుంది. ఇంకొకటి కూడా రాయించండి: ఫోన్ స్క్రీన్ మీద మెరిసినట్టు రంగులు కాగితం మీద రావని. స్క్రీన్ రంగులు వెలుతురుతో ఏర్పడతాయి, కాగితం మీదవి నాలుగు సిరాల కలయిక. 'మేం చూసిన ఎరుపు ఇది కాదు' అన్న మాట మీరూ వినే ఉంటారు.

ఇలా చెబితే కస్టమర్లు పోతారని భయం ఉంటుంది. ఒకరిద్దరు పోతారు, పోనివ్వండి. మిగిలినవారు తమ ఇంట్లోనే కూర్చుని మ్యాటర్ సరిచూసుకుని పంపుతారు. డబ్బు కట్టాలంటే మనిషి ఒకసారి ఆలోచించుకుంటాడు. ఉచితంగా దొరికే మార్పుకి ఆ ఆలోచన ఉండదు.

ఇక మీవారి మాట. అది మీకు కష్టంగా తోచినా అందులో నిజం ఉంది. పక్కనే కూర్చుని కూడా ఫోన్‌లోకి చూస్తున్న అమ్మ పిల్లలకు దూరంగా ఉన్నట్టే. మీ పనివేళలు పొద్దున పిల్లలు బడికి వెళ్ళాక తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా పెట్టుకోండి. సాయంత్రం ఒక గంటన్నర. రాత్రి ఎనిమిది దాటాక బిజినెస్ వాట్సాప్‌లో 'రేపు పదింటికి జవాబిస్తాం' అని దానంతటదే వెళ్ళే మెసేజ్ పెట్టండి. ఆ సదుపాయం వాట్సాప్ బిజినెస్‌లో ఉచితంగానే ఉంది. పనికి వేరే సిమ్ ఉంటే ఇంకా మంచిది. రాత్రి దాన్ని ఇంకో గదిలో పెట్టేయొచ్చు.

అదే సమయంలో మీవారితో ఒక మాట గట్టిగా చెప్పాలి. వంట, హోంవర్క్, బడి డైరీ, పాప టిఫిన్ బాక్స్, వచ్చినవారికి కాఫీ, ఇవన్నీ మీ ఒక్కరి పనులు కావు. ఆయన ఉద్యోగం చేస్తున్నప్పుడు మధ్యలో లేచి కాఫీ పెట్టమని ఎవరూ అడగరు. మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి అడుగుతున్నారు. ఒక ఆదివారం లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. మీ పని వల్ల ఇంటికి ఎంత వస్తోందో, దానికి ఎన్ని గంటలు పడుతున్నాయో ఆయన కళ్ళతో చూడాలి. సాయంత్రం మీరు పనిచేసే ఆ గంటన్నర పిల్లల బాధ్యత ఆయనదని అప్పుడే మాట్లాడుకోండి. అడక్కుండా అర్థం చేసుకోవాలని ఎదురుచూస్తే నెలలు గడిచిపోతాయి.

అత్తయ్యగారి గురించి మీరు ఎక్కువ రాయలేదు. ఆవిడకి ఆసక్తి ఉంటే ప్రూఫ్ చదవమని ఒకసారి అడిగి చూడండి. 'చి.ల.సౌ.' ఎక్కడ, 'చి.' ఎక్కడ, ఏ వరుసవారి పేరు ముందు రావాలి, తిథికీ వారానికీ పొంతన ఉందా లేదా, ఇవి పెద్దవాళ్ళ కంటికి ఇట్టే దొరుకుతాయి. కోడలు రోజంతా ఆ గదిలో ఏం చేస్తోందో ఆవిడకీ తెలుస్తుంది. ఇష్టం లేదంటే బలవంతం చేయొద్దు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది క్యాలెండర్ గురించి. మీ వ్యాపారం పంచాంగాన్ని బట్టి నడుస్తుంది, మీ ఇల్లు స్కూలు క్యాలెండర్‌ని బట్టి నడుస్తుంది. ఈ రెండూ ఢీకొనేది వేసవిలో. వైశాఖ, జ్యేష్ఠాల్లో ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడే పిల్లలకు ఎండాకాలం సెలవులు. ఇద్దరూ పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు, ఆర్డర్లూ అప్పుడే మీద పడతాయి. ఇది ఏటా వచ్చేదే కాబట్టి మార్చిలోనే ఏర్పాటు చేసుకోండి. అమ్మమ్మగారి ఊరు పంపుతారా, సమ్మర్ క్యాంపులో వేస్తారా, ఆ రెండు నెలలూ తెలుగు టైపింగ్‌కి ఎవరినైనా పెట్టుకుంటారా? డీటీపీ నేర్చుకున్న పిల్లలు గుంటూరులో చాలామంది ఉన్నారు. పేజీకి ఇంత అని ఇస్తే మ్యాటర్ టైప్ చేసి పంపుతారు, మీరు డిజైన్ మాత్రమే చూసుకోవచ్చు. ఇక ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో వచ్చే మూఢాలు మీకు ఖాళీ. ఆ రోజుల్లో ఆదాయం లేదని దిగులు పడకండి. పట్నం బజారు, అరండల్‌పేట షాపుల లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు, స్కూళ్ళ బ్రోచర్ల పనులు అప్పటికి ఒప్పుకోండి. పిల్లలతో ఊరు వెళ్ళేదీ అప్పుడే. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఏడాది మొత్తం ముహూర్తాలు, పరీక్షలు, సెలవులు ఒకే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. 2023లో అధిక శ్రావణం వచ్చినట్టు అధిక మాసం పడిన ఏడాది ఆ తర్వాతి సీజన్ ఒక నెల ఆలస్యంగా వస్తుంది, అదీ చూసుకోవాలి.

ఉద్యోగం విషయానికొస్తే, 18 వేలూ మీ 30 వేలూ ఎదురెదురుగా పెట్టేముందు ఒక పని చేయండి. ఆ 30 వేలల్లో ప్రెస్‌కి కట్టేది, కాగితం, కరెంటు, ఇంటర్నెట్ పోగా మిగిలేదెంత? చాలామంది చేతికొచ్చిన డబ్బంతా ఆదాయం అనుకుంటారు. వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా, విడిగా క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే మూడు నెలల్లో అసలు అంకె తేలుతుంది. అలాగే ఆ 18 వేలల్లోంచి రోజూ విజయవాడ వెళ్ళొచ్చే ఖర్చు తీసేయండి. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే రాత్రి ఏ ఏడున్నరకో ఇంటికి చేరతారు. పిల్లల కోసం వ్యాపారం మానేసి ఆ ఉద్యోగంలో చేరితే వాళ్ళతో గడిపే సమయం ఇంకా తగ్గుతుంది. ఈ మాట మీవారికీ చెప్పండి.

చిన్న వ్యాపారాలను కేంద్ర ప్రభుత్వం నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీరు చేయించుకోలేదనుకుంటాను. ఆధార్, పాన్‌తో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా అవుతుంది, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. రిజిస్టరైన చిన్న వ్యాపారులకు రాతపూర్వక ఒప్పందంలో ఎక్కువ గడువు ఉన్నా సరే 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. లోగో చేయించుకుని నెలల తరబడి తిప్పే షాపులవారి మీద మీరు కేసు పెట్టాలని కాదు, బిల్లు మీద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ వేస్తే అడగడం తేలికవుతుంది. జీఎస్టీ గురించి టెన్షన్ వద్దు. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొత్త మెషీన్ కోసం ఇప్పుడే లోన్ తీసుకోవద్దు. అవసరమైతే కేంద్ర ప్రభుత్వ ముద్ర రుణ పథకంలో 'శిశు' విభాగం కింద 50 వేల దాకా హామీ లేకుండా ఇస్తారు, కానీ ముందు పైన చెప్పిన లెక్క తేలాలి.

ఏజెన్సీవారికి కుదరదని చెప్పి ఊరుకోకండి. ఉద్యోగానికి రాలేను, డిజైన్‌కి ఇంత అని ఇంటి నుంచి చేసిస్తాను అని అడగండి. మీ పని నచ్చే పిలిచారు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఉంది. ఒప్పుకుంటే ఆషాఢం నుంచి మొదలుపెట్టేలా మాట్లాడుకోండి.