టెక్ సందేహాలు: గగారిన్ స్మారక చిత్రం సగమే ఎందుకు వచ్చింది?

ప్రశ్న: తొలి వ్యోమగామి గగారిన్ అంతరిక్ష యాత్ర వార్షికోత్సవానికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ రేడియోలో (అభిరుచి కోసం నడిపే రేడియోలో) ప్రసారమైన చిత్రాల కోసం ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటరుకు తగిలించి రేడియో సంకేతాలను అందుకునే చిన్న పరికరంతో) ప్రయత్నించాను. ల్యాప్‌టాప్ స్పీకరు దగ్గర ఫోన్ పెట్టి ఆ శబ్దాన్ని చిత్రంగా మార్చే రోబోట్36 యాప్‌లో చూస్తే చిత్రం సగమే వచ్చింది. అదీ చుక్కలతో, పక్కకు వాలిపోయి ఉంది. డాంగిల్ మార్చాలా? కేంద్రంలోని వారితో నేనే మాట్లాడవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: డాంగిల్ మార్చనక్కరలేదు. మీరు చెప్పిన మూడు లోపాలకు మూడు వేర్వేరు కారణాలున్నాయి.

1961 ఏప్రిల్ 12న యూరి గగారిన్ 108 నిమిషాల్లో పూర్తిచేసిన యాత్రను, అలాంటి ఇతర మైలురాళ్లను స్మరిస్తూ, ఎరిస్ అనే హామ్ సంస్థల కూటమి 145.800 మెగాహెర్ట్జ్‌పై ఈ చిత్రాలను శబ్దరూపంలో పంపుతుంటుంది. చిత్రాన్ని శబ్దంగా మార్చడానికి సాధారణంగా వాడే పీడీ120 పద్ధతిలో ఒక్కో చిత్రానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. కేంద్రం మన ఆకాశంలో ఉండేదే పది నిమిషాల లోపు, పైగా చిత్రానికీ చిత్రానికీ మధ్య విరామం ఉంటుంది కనుక, అది దిగంతం పైకి వచ్చేసరికే ఒక చిత్రం నడుస్తూ ఉంటే మనకు దొరికేది మిగిలిన ముక్కే. ఇందులో మీ తప్పేమీ లేదు. సుమారు గంటన్నర తరువాత వచ్చే తదుపరి పరిభ్రమణంలో మళ్లీ ప్రయత్నించవచ్చు.

చుక్కల విషయంలో మాత్రం మీరు చేయగలిగింది చాలా ఉంది. కేంద్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోతుంది కనుక, డాప్లర్ ప్రభావం వల్ల (కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగాల పౌనఃపున్యం మారడం వల్ల) కేంద్రం మనవైపు వచ్చేటప్పుడు సంకేతం దాదాపు 3.5 కిలోహెర్ట్జ్ పైకి, దూరంగా వెళ్లేటప్పుడు అంతే కిందికి జరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్ఎం ఫిల్టరును (ఎంత వెడల్పు సంకేతాన్ని లోపలికి రానివ్వాలో నిర్ణయించే అమరికను) మరీ ఇరుకుగా పెడితే సంకేతం అంచులు తెగిపోతాయి. దాన్ని 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచి, స్క్వెల్చ్‌ను (బలహీన సంకేతం వచ్చినప్పుడు ధ్వనిని ఆపేసే అమరికను) పూర్తిగా తీసివేయండి. డాంగిల్‌తో వచ్చిన పొట్టి యాంటెన్నాకు బదులు, ఒక్కొక్కటి అర మీటరు పొడవున్న రెండు తీగలను 120 డిగ్రీల కోణంలో అమర్చి మేడమీద పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది. నన్నడిగితే, ఖర్చు పెట్టేది ఏదైనా ఉంటే అది యాంటెన్నా మీదే పెట్టాలి.

వాలు రావడానికి కారణం సౌండ్‌కార్డు గడియారం కొద్దిగా తప్పడమే. స్పీకరు, మైకుల మధ్య గదిలోని ఫ్యాను చప్పుడు కూడా చిత్రంలో చేరుతుంది. ధ్వనిని వర్చువల్ ఆడియో కేబుల్ (ఒక ప్రోగ్రాం ధ్వనిని కంప్యూటరు లోపలే మరోదానికి చేర్చే సాఫ్ట్‌వేర్) ద్వారా నేరుగా ల్యాప్‌టాప్‌లోని డీకోడర్‌కు, అంటే శబ్దాన్ని చిత్రంగా మార్చే ప్రోగ్రాంకు పంపండి, వేరుగా వేవ్ ఫైలుగానూ భద్రపరచుకోండి. విండోస్‌లో నడిచే అలాంటి డీకోడర్ ఎంఎంఎస్ఎస్‌టీవీలో ఆ వాలును సరిచేసే సదుపాయం ఉంది.

ఇక మాట్లాడడం సాధ్యమే. 1983లో కొలంబియా వ్యోమనౌక నుంచి అమెరికా వ్యోమగామి ఓవెన్ గ్యారియట్ మొదలుపెట్టిన ఈ సంప్రదాయంలోనే, 2025లో శుభాంశు శుక్లా మన విద్యార్థులతో హామ్ రేడియోలో ముచ్చటించారు. అయితే సంకేతం పంపడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. పరీక్ష రాయడానికి 12 ఏళ్లు నిండితే చాలు, లైసెన్సులో రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) అవసరం లేదు. శిక్షణ కోసం హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను సంప్రదించండి.